కళామందిరాన్ని వెనుక గది నుంచి సరిచేయడం: లోపలి అమరిక, సామాను భద్రత

పట్టణాల్లో ఉన్న రెండు మూడు వందల కుర్చీల కళామందిరానికి మరమ్మతుల సొమ్ము మంజూరైనప్పుడు, అందులో ఎక్కువ భాగం ముఖద్వారానికీ, కుర్చీల గుడ్డలకూ, పైకప్పు దీపాలకూ ఖర్చవుతుంది. సామాను గదికి దక్కేది పాత తలుపు మీద కొత్త రంగు మాత్రమే. అలాంటి ఒక మందిరం నిర్వహణలో కొన్నేళ్లు పాలుపంచుకున్న అనుభవంతో చెబుతున్నాను: ఏ కళకు అక్కడ మర్యాద ఉందో, ఏ కళను మొక్కుబడిగా పిలుస్తున్నారో తెలుసుకోవడానికి వేదికను చూడనక్కరలేదు, సామాను గది తలుపు తీస్తే చాలు. వీణకు పరుపు వేసిన బల్ల ఉంటుంది. డప్పు వరండాలో మేకుకు వేలాడుతూ ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శిలో పనుల వరుసను తిరగేసి, వెనుక గదితో మొదలుపెట్టి ప్రేక్షకుల గది దగ్గర ముగించాను. ఉదాహరణలన్నీ తెలుగు ప్రదర్శన కళలవే.

మొదటి పని: వచ్చేవాళ్ల జాబితా

వాస్తుశిల్పిని పిలవడానికి ముందే, గడిచిన రెండేళ్లలో మీ వేదిక మీద ఏయే ప్రదర్శనలు జరిగాయో రాయండి. దాని పక్కనే, మీ చుట్టుపక్కల ఊళ్లలో బతికి ఉండి కూడా మీ వేదిక ఎక్కని కళలు ఏమిటో రాయండి. ఈ రెండో జాబితా తయారు చేయడానికి ఎక్కువ రోజులు పడుతుంది, కానీ అసలు రూపకల్పన దాని నుంచే పుడుతుంది. తోలుబొమ్మలాట బృందం ఎందుకు రాలేదని ఆరా తీస్తే, వాళ్ల తెర కట్టుకోవడానికి వేదిక మీద ఒక్క కొక్కెం కూడా లేదని తేలవచ్చు. ఒగ్గుకథ చెప్పేవాళ్లు ఎందుకు రాలేదంటే, డోళ్లు మోగిస్తూ జనం మధ్యకు దిగడానికి మెట్లు లేవని తెలియవచ్చు.

ప్రతి కళకు ఎదురుగా నాలుగు విషయాలు నమోదు చేయండి: ఎంతమంది వస్తారు, ఏ సామాను తెస్తారు, వేషం వేసుకోవడానికి ఎన్ని గంటలు పడుతుంది, ప్రదర్శనకు ముందూ తర్వాతా ఏ ఆచారాలు పాటిస్తారు. బుర్రకథకు ముగ్గురే వస్తారు, తంబురాతో కథకుడు, డక్కీలనే చిన్న వాద్యాలతో ఇద్దరు వంతలు. వాళ్లకు వేదిక లోతు అక్కరలేదు, ముందు అంచున అడుగులు వేయడానికి వెడల్పు కావాలి. కూచిపూడి బృందానికి వాద్యకారులు కూర్చునే తావు ఒక పక్కన స్థిరంగా ఉండాలి. సురభి వంటి నాటక సమాజం వచ్చిందంటే పిల్లాపాపలతో సహా కుటుంబాలే వస్తాయి. వాళ్లకు వేషం గది ఒకటే సరిపోదు, ఉయ్యాల కట్టుకోవడానికి చోటు కూడా కావాలి.

ఈ వివరాలను ఫోనులో అడిగి రాసుకోవద్దు. ఆయా బృందాల పెద్దలను మందిరానికి పిలిచి, దారి ఖర్చులిచ్చి, ఖాళీ గదుల్లో తిప్పి చూపించండి. వాళ్లు ఎక్కడ ఆగి తల అడ్డంగా ఊపుతారో అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టండి.

రెండో పని: సామాను గది ఎక్కడ ఉండాలి

వేదికతో సమానమైన మట్టంలో, వేదిక వెనుకో పక్కనో, మధ్యలో మెట్లు లేకుండా ఉండాలి. సురభివారి రంగుల తెరలు కర్రకు చుట్టి వస్తాయి. వేదిక వెడల్పు ఎంతో ఆ కర్ర పొడవు అంత. మలుపు తిరిగే నడవాలోకి ఆ కర్ర పట్టదు. కాబట్టి సామాను లారీ ఆగే చోటు నుంచి వేదిక దాకా తిన్నని దారి ఒకటి గీయండి, దాని మీద పడే ప్రతి తలుపునూ కనీసం 6 అడుగుల వెడల్పు చేయండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు పూనికతో మొదలైన ఆ నాటక సంప్రదాయం ఇన్ని తరాలు నిలిచిందంటే, విప్పి కట్టి మళ్లీ విప్పగలిగే సరంజామా కూడా ఒక కారణం. ఆ సరంజామాను లోపలికి రానివ్వని భవనం వాళ్లను పిలవనట్టే.

పడమటి గోడ పక్కనున్న గది సామానుకు పనికిరాదు, సాయంత్రపు ఎండకు గోడ రాత్రి దాకా వేడి కక్కుతుంది. మరుగుదొడ్డితో గోడ పంచుకునే గది కూడా వద్దు. ఇందులో ఆచారమూ ఉంది, తేమ లెక్కా ఉంది. పైపు కారినప్పుడు మొదట తడిసేది ఆ గోడే. ర్యాకులను గోడకు ఒక జానెడు ఎడంగా, నేలకు అరడుగు ఎత్తుగా పెట్టాలి, చెదలు ఎక్కడం మొదలుపెడితే కంటికి కనబడాలి. గోడకు ఆనించి కట్టిన చెక్క అలమరలు చూడటానికి అందంగానే ఉంటాయి కానీ, వెనుక ఏం జరుగుతోందో తెలిసేసరికి పట్టుబట్టలు జల్లెడ అయిపోతాయి.

గదిలో గాలి తేమ 45 నుంచి 60 శాతం మధ్య నిలకడగా ఉండేలా చూడండి. కోస్తాలో ఆ అంకె వానాకాలమంతా దాటిపోతుంది, రాయలసీమ వేసవిలో దానికంటే బాగా కిందికి పడిపోతుంది. కోస్తాలో బూజు శత్రువు, సీమలో పగుళ్లు శత్రువు. తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి గోడకు తగిలించి, రోజూ ఉదయం అంకె రాయించండి. ఏసీ పెట్టే స్తోమత ఉంటే రాత్రింబగళ్లు ఒకే తీరుగా నడవాలి. ప్రదర్శన రోజున వేసి మర్నాడు ఆపేసే ఏసీ వల్ల చెక్కా తోలూ ఉబ్బి, ముడుచుకుని, మళ్లీ ఉబ్బుతాయి. అంతకంటే ఏసీ లేకుండా ఎదురెదురు కిటికీలకు సన్నని జల్లెడ బిగించి గాలి ఆడనివ్వడమే మేలు.

మూడో పని: వస్తువును బట్టి చోటు

అన్నిటికీ ఒకే కొలత ర్యాకులు చేయించడం వడ్రంగికి సులువు, వస్తువులకు నష్టం.

వీణ మెట్లు మైనంలో కూర్చి ఉంటాయి. వేసవిలో గది వేడెక్కితే ఆ మైనం మెత్తబడి మెట్టు పక్కకు ఒరుగుతుంది, స్వరం చెడుతుంది. మా మందిరంలో ఒకసారి ఒక విద్వాంసురాలి వీణను మధ్యాహ్నమంతా కిటికీ పక్కన ఉంచి, సాయంత్రం కచేరీకి అరగంట ముందు నాలుక కరుచుకున్నాం. ఒకే పనస దుంగ నుంచి తొలిచిన ఏకాండి వీణ బొబ్బిలి పనివారి పేరు నిలబెట్టిన వస్తువు. దాన్ని నిలువుగా గోడకు ఆనించకూడదు, కుండకూ బుర్రకూ ఆనుడు ఇచ్చే ఊయల వంటి చెక్క పీఠం మీద పడుకోబెట్టాలి. పీఠం నడుము ఎత్తులో ఉంటే ఎవరి కాలూ తగలదు.

మృదంగం ఎడమ మూతి మీద అద్దే బొంబాయి రవ్వ ముద్దను కచేరీ కాగానే గీకి తీసేయాలి, మిగిలితే పురుగులకు విందు. అందుకని మృదంగాల అర పక్కనే చిన్న సింకు, తుడిచే గుడ్డ, చెత్తబుట్ట ఉండాలి. సింకు లేకపోతే ఆ రవ్వ ముద్దను ఎక్కడ విదిలిస్తారో మీకు తెలియనిది కాదు. హార్మోనియం తిత్తులను ఎలుకలు కొరుకుతాయి గనుక దానికి మూతపడే ఇనుప అర కావాలి.

డప్పు సంగతి వేరు. మేకతోలు బిగిసి పలకాలంటే వాయించే ముందు మంట దగ్గర కాచాలి. ఇది ఆ వాద్యం స్వభావం, వాయించేవారి అలవాటు కాదు. మందిరం వెనుక ఆవరణలో ఇసుక పోసిన గుంట, చుట్టూ ఇటుక కట్టడం, మీద వాన పడకుండా రేకు, అందుబాటులో నీళ్లూ ఇసుక బకెట్లూ ఏర్పాటు చేసి, అక్కడి నుంచి వేదికకు నేరుగా తలుపు పెట్టండి. ఆ చోటు లేకపోవడం వల్లే డప్పు కళాకారులు ఊరి మందిరాల బయట రోడ్డు మీద కాగితాలు కాల్చుకుంటారు, దాన్ని చూసి నిర్వాహకులు విసుక్కుంటారు. భద్రపరిచే చోటు విషయంలో డప్పుకూ మృదంగానికీ తేడా చూపడానికి ఏ కారణమూ లేదు. రెండూ తోలు కట్టిన చెక్కే, ఒకే గదిలో ఒకే వరసలో ఉండాలి. ఈ మాట మీద మా కమిటీలో గొంతులు లేచాయి. ఎందుకు లేచాయో కారణం రాయనక్కరలేదు.

తోలుబొమ్మలకు సొరుగులు కావాలి, అవీ చాలా పెద్దవి. ఆంధ్ర తోలుబొమ్మలు మనిషి నిలువుకు దగ్గరగా ఉంటాయి. భుజం, మోచెయ్యి, నడుము, మోకాలు విడిగా కదిలేలా దారంతో కూర్చి ఉంటాయి. సొరుగు 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, నాలుగు అంగుళాల లోతు ఉంటే బొమ్మను మడవకుండా పరచవచ్చు. ఒక్కో బొమ్మకూ మధ్య ఉతికిన, గంజి లేని నూలు గుడ్డ వేయాలి. ప్లాస్టిక్ సంచి వద్దు, తోలు లోపల చెమ్మగిల్లి బూజు పట్టి రంగు ఊడుతుంది. ఏ బొమ్మ పక్కన ఏది ఉండాలో ఆ కుటుంబాన్నే అడగండి. దేవతల బొమ్మలను రాక్షసుల బొమ్మలతో కలపకూడదన్న నియమం పాటించేవాళ్లు ఉంటారు; జుట్టుపోలిగాడూ బంగారక్కా కేతిగాడూ ఎక్కడ ఉండాలో వాళ్లే నవ్వుతూ చెబుతారు. పాడైన బొమ్మను చెత్తలో వేయకుండా, ఆ బృందానికి అప్పగించి వాళ్ల పద్ధతిలో సాగనంపనివ్వాలి. 2020 సంవత్సరపు పద్మశ్రీ పొందిన దళవాయి చలపతిరావుగారి ఊరు నిమ్మలకుంటలో ఇప్పుడు తోలుతో దీపాల గొడుగులు కూడా చేస్తున్నారు. మందిరానికి అలంకారం కావాలంటే అవి కొని వేలాడదీయండి, ఆటకు వాడే బొమ్మను మాత్రం గోడకు కొట్టకండి.

కిరీటాలు, భుజకీర్తులు పాతవైతే పొణికి వంటి తేలిక కర్రతో చేసినవి ఉంటాయి. వాటికి తల ఆకారపు దిమ్మెలు చేయించి, కంటి ఎత్తుకు పైన అమర్చండి. కిరీటాన్ని నేల మీద పెట్టకూడదనే పట్టింపు పద్యనాటక నటులకూ యక్షగాన బృందాలకూ ఉంది. గజ్జెలు కూడా అంతే. పూజ చేసి కట్టుకునే గజ్జెలను చెప్పుల స్టాండు పైన అరలో పెట్టించిన మందిరం ఒకటి చూశాను. ఆ నర్తకి ఏమీ అనలేదు, గజ్జెలను కొంగులో చుట్టుకుని కూర్చుంది. స్థలం తక్కువైనప్పుడు ఈ వరస గుర్తుంచుకోండి: పైన తలకు పెట్టుకునేవి, వాటి కింద గజ్జెలు, తాళాలు, చిరుతలు (చిడతలు), ఆ కింద బట్టలు, అన్నిటికన్నా కింద తెరల కర్రలు, ఇనుప సామాను. చీపుర్లకూ చెప్పులకూ వేరే గూడు, వేరే తలుపు. కూచిపూడిలో తరంగమనే అంశానికి వాడే ఇత్తడి పళ్లెం మీద కాలు పెట్టి నాట్యం చేస్తారు కదా, దాన్ని ఎక్కడ పెట్టాలి అని మా వడ్రంగి అడిగాడు. గజ్జెల పక్కన అని గురువుగారు చెప్పారు.

పట్టు వేషాలను ప్రదర్శన కాగానే పెట్టెలో పెట్టడం అతి పెద్ద పొరపాటు. చెమట ఆరడానికి ఫ్యాను కింద కనీసం ఒక రాత్రి దండెం మీద ఉండాలి, కాబట్టి సామాను గదికి ముందు చిన్న ఆరబెట్టే గది తప్పనిసరి. కర్పూరం ఉండలూ నాఫ్తలీన్ ఉండలూ జరీకి నేరుగా తగలనివ్వకండి. ఎండు వేపాకు, వస కొమ్ము, లవంగాలు పల్చని గుడ్డలో మూటకట్టి మూలల్లో ఉంచితే చాలు, వాటినీ మూడు నెలలకోసారి మార్చాలి. చీరల మడత మార్చే అలవాటు మన ఇళ్లలో ఉన్నదే; మందిరానికీ అదే వర్తిస్తుంది, లేకపోతే మడత మీదే పట్టు చిట్లుతుంది. రంగు తెరలను మడవకూడదు. రంగు పైకి ఉండేలా లావాటి గొట్టానికి చుట్టి, గోడ బ్రాకెట్ల మీద అడ్డంగా పెట్టాలి.

నాలుగో పని: వేషం గది

మనవాళ్లలో చాలామంది నేల మీద కూర్చునే వేషం వేసుకుంటారు, కుర్చీ ఎత్తు బల్లలు మాత్రమే ఉన్న గదిలో అద్దం వాళ్ల నెత్తి పైన మొదలవుతుంది. అద్దాన్ని నేల నుంచి ఒక అడుగు ఎత్తులో మొదలుపెట్టి నిలబడ్డ మనిషి తల దాకా తీసుకువెళ్లండి; కింద పీట వేసుకునేవారికీ, మీద కుర్చీ వేసుకునేవారికీ పనికొస్తుంది. దీపాలు వేదిక దీపాల రంగుకు దగ్గరగా ఉండాలి, తెల్లని ట్యూబులైటు కింద వేసిన రంగు వేదిక మీద పసుపు బొమ్మలా కనబడుతుంది.

పాదాలకు పారాణి పెట్టుకుంటారు గనుక నేలకు లేతరంగు గ్రానైట్ వేస్తే ఆ మరకలకు కళాకారులను తిట్టుకుంటూ గడపాలి. ముదురు రంగు కడప రాయి చాలు. గది బయట మోకాలి ఎత్తులో కుళాయి, కాళ్లు కడుక్కునే గచ్చు, తుడుచుకునే పట్టా ఏర్పాటు చేయండి. పూలకు చిన్న ఫ్రిజ్ ఒకటి కావాలి. స్త్రీలకూ పురుషులకూ వేరు వేరు గదులు, ప్రతి గదికీ లోపలే మరుగుదొడ్డి ఉండాలి. స్త్రీ వేషం కట్టే పురుషులు కూచిపూడిలోనూ వీధి భాగవతంలోనూ ఎప్పటినుంచో ఉన్నారు, తెర కట్టుకోగల మూడో చిన్న గది ఉంటే వాళ్లకూ ట్రాన్స్‌జెండర్ కళాకారులకూ ఇబ్బంది తప్పుతుంది.

పూజా పటం గురించి ఒక మాట. వేషం గది గోడకు నటరాజునో సరస్వతినో శాశ్వతంగా చెక్కించే బదులు, ఒక ఖాళీ గూడు, దాని ముందు దీపానికి చదునైన రాయి ఉంచండి. బుర్రకథను ఊరూరా వినిపించి 1986లో పద్మశ్రీ పొందిన షేక్ నాజర్, కరవదిలో పుట్టి నాదస్వరంతో దక్షిణాదిని మెప్పించిన షేక్ చినమౌలానా మన సంప్రదాయంలోని వాళ్లే. గూడులో ఏది పెట్టుకోవాలో, అసలు పెట్టుకోవాలో వద్దో వచ్చిన కళాకారుడే తేల్చుకుంటాడు. నమాజుకో మౌనంగా కూర్చోవడానికో పనికొచ్చే పరిశుభ్రమైన ఆరడుగుల చోటు అదే గదిలో మిగిలేట్టు బల్లలు జరపండి.

ఐదో పని: వేదిక నేల, తెర

సిమెంటు గచ్చు మీద వేసిన తివాచీ నాట్యకారుల మోకాళ్లకు చేసే హాని మొదటి పదేళ్లలో కనబడదు. చెక్క దూలాల కింద రబ్బరు దిండ్లు, వాటి మీద రెండు పొరల ప్లైవుడ్ అడ్డం నిలువుగా, ఆ పైన జారని చెక్క పలకలు: ఈ అమరికతో అడుగు పడినప్పుడు నేల కాస్త కిందికి లొంగుతుంది. మెరిసే వార్నిష్ వద్దు, ఉత్తి కాళ్లు చెమటతో జారతాయి. ఇత్తడి పళ్లెం అంచు గీతలు పడతాయి, పడనివ్వండి. రెండేళ్లకోసారి సానబట్టి నూనె రాయగలిగే కలప అయితే చాలు. సింహనందిని అనే నృత్యంలో రంగుపొడి మీద పరిచిన గుడ్డపై పాదాలతోనే సింహాన్ని గీస్తారు, అందుకని వేదిక మధ్యలో పలకల సందులు లేని చదునైన భాగం ఉండేలా వడ్రంగికి ముందే చెప్పాలి.

మోటారు తెర ఉన్నా, పాత్రప్రవేశానికి ఇద్దరు మనుషులు పట్టుకునే చిన్న తెర కూచిపూడిలో ఉంటుంది. భామాకలాపంలో సత్యభామ జడ ఆ తెర మీదుగానే మనకు మొదట కనబడుతుంది. ఆ ఇద్దరూ నిలబడి, పాత్రను వెనుక దాచుకుని నడిచి రావడానికి వేదిక పక్కన మరుగుగా ఉండే వింగ్‌లో కనీసం 8 అడుగులు ఖాళీ ఉంచండి. దాన్ని విరిగిన కుర్చీలతో నింపేస్తారు, ఎప్పటికప్పుడు ఖాళీ చేయించాలి. పైన తీగలతో నటులను ఎగిరించే నాటకాలు వేయించదలిస్తే, దూలం ఎంత బరువు ఓర్చగలదో ఇంజనీరు చేత లెక్క కట్టించి, ఆ అంకెను దూలం మీదే రంగుతో రాయించండి.

చెప్పులతో వేదిక ఎక్కని కళాకారులకు మెట్ల పక్కన చెప్పుల గూడు కావాలి. లేకపోతే చీకట్లో దిగేటప్పుడు కాళ్లతో వెతుక్కుంటారు.

ఆరో పని: ప్రేక్షకుల గది

ఇక్కడ ఎక్కువ చెప్పనక్కరలేదు. ముందు రెండు వరసల కుర్చీలు తీసేయగలిగేలా బిగించి, హరికథకూ ఒగ్గుకథకూ జంపఖానాలు పరచండి. వరంగల్ జంపఖానాలు బరువుగా ఉండి ఎన్నేళ్లయినా మన్నుతాయి. గోడ ప్రతిధ్వనిని తగ్గించే పలకల మీద మంగళగిరి నూలు గానీ పోచంపల్లి ఇక్కత్ గానీ బిగిస్తే, పద్యం చివరి రాగం మాటలను మింగేయకుండా ఉంటుంది. పెడన అచ్చు కలంకారీలో పూలూ లతలూ ఎంచుకోండి. దేవతామూర్తులున్న గుడ్డను కుర్చీలకూ పట్టాలకూ మరుగుదొడ్డి దారికీ వాడవద్దు. చేర్యాల పటాలు కులపురాణాలు చెప్పేవారి కథాసామగ్రి. అసలు పాత పటం దొరికితే దాన్ని దీపం కింద వేలాడదీయకుండా, చిత్రకారుల చేత కొత్తది రాయించి, ఏ కథలో ఏ ఘట్టమో కింద చిన్న చీటీ పెట్టండి.

ఏడో పని: నిప్పు, పుస్తకం, పంచాంగం

జ్యోతి వెలిగించకుండా కార్యక్రమం మొదలుకాదు కాబట్టి, దాన్ని నిషేధించే నోటీసు అతికించడం వృథా. కుందె కింద ఇసుక నింపిన వెడల్పాటి ఇత్తడి తాంబాళం, తెరకు 6 అడుగుల దూరం, మంట త్వరగా అంటని తెర గుడ్డ, వింగ్‌లో ఆర్పే సిలిండరు: ఈ నాలుగింటినీ అగ్నిమాపక శాఖవారికి చూపించి సరే అనిపించుకోండి.

సామాను పుస్తకంలో వస్తువు పేరు కళాకారులు పిలిచే మాటలోనే ఉండాలి. "ఆభరణం, రకం 4" అని రాస్తే ఎవరికీ దొరకదు. చంద్రవంక, పాపిడి చేరు, వంకీ, వడ్డాణం అని రాయండి. ఎవరిది, మందిరానికి ఇచ్చారా లేక దాచమన్నారా, ఎవరు ముట్టుకోవచ్చు, బాగుచేయించాల్సి వస్తే ఎవరిని అడగాలి అనే నాలుగు గడులు ప్రతి పేరు పక్కనా ఉండాలి. దాచమని ఇచ్చినదాన్ని వేరే బృందానికి అరువిచ్చే అధికారం కార్యదర్శికి లేదని మొదటి పేజీలోనే రాసి సంతకం చేయించండి.

ఏటా మూడు సార్లు గది మొత్తం ఖాళీ చేసి దులపాలి. మృగశిర కార్తెకు ముందు కప్పు కారుతోందా, జల్లెడలు చిరిగాయా చూడాలి. సంక్రాంతి దాటాక పొడి గాలిలో బట్టలు ఆరబెట్టి మడతలు మార్చాలి. మూడోది దసరా: ఆయుధపూజకు వాద్యాలూ కిరీటాలూ గజ్జెలూ ఎలాగూ బయటికి వస్తాయి గనుక, పసుపు కుంకుమలు పెట్టే ముందు ఒకరు పుస్తకం చదువుతూ ఉంటే మరొకరు వస్తువును చూపించాలి, కనబడని దాని పేరు ఎదుట ఎర్ర సిరాతో తేదీ వేయాలి. కుంకుమను తోలు మూతుల మీద కాకుండా చెక్క మీదే పెట్టించండి.